పంక్ అభిమానికి లండన్ చరిత్ర ఒక్కటే చాలదు

పంక్ సంగీతం మాట వస్తే మన దగ్గర రెండు వర్గాలవాళ్లు నోరు విప్పుతారు. ఒకరంటే ఒకరికి పడదు. మొదటివాళ్లు సాహిత్య సభల్లో ముందు వరసలో కూర్చునే పెద్దలు. వాళ్ల లెక్కలో పంక్ అంటే చిరిగిన ప్యాంట్లు, చెవులు చిల్లులు పడే గోల. దాన్ని వినేవాడు పుస్తకం ముట్టడు, వాడికి పుస్తకాల పేర్లు చెప్పడం దండగ. రెండోవాళ్లు ఆ పాటలు వినే పిల్లలే. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి చదువుకో కొలువుకో బెంగళూరు, హైదరాబాదు పోయి, అక్కడి స్నేహాల్లోనో చేతిలోని ఫోన్లోనో ఈ సంగీతాన్ని పట్టుకున్నవాళ్లు. తోటి అభిమానికి ఏ పుస్తకం ఇస్తారని వాళ్లను అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. న్యూయార్క్ కథకు లెగ్స్ మెక్‌నీల్, గిలియన్ మెకేన్ కూర్చిన 'ప్లీజ్ కిల్ మి'. లండన్ కథకు జాన్ సావేజ్ రాసిన 'ఇంగ్లండ్స్ డ్రీమింగ్'. అమెరికా చిన్న బ్యాండ్ల కథకు మైకేల్ అజెరాడ్ రాసిన 'అవర్ బ్యాండ్ కుడ్ బి యువర్ లైఫ్'. అంతటితో జాబితా ముగిసిపోతుంది.

ఈ ఇద్దరూ తెలియకుండానే ఒక్కచోట కలుస్తారు. పంక్ అనేది లండన్, న్యూయార్క్‌ల సొంత వ్యవహారమనీ, పడమటి కర్నూలు నల్లరేగడికీ దానికీ ఏ సంబంధమూ లేదనీ ఇద్దరి నమ్మకం. పెద్దలు ఆ మాట ఈసడింపుతో అంటారు, పిల్లలు ఆరాధనతో అంటారు. ఈసడింపును వదిలేయవచ్చు. ఆరాధనే ఎక్కువ చెరుపు చేస్తోంది కాబట్టి ఈ వ్యాసం ముఖ్యంగా దాని మీద. పంక్ అభిమానికి ఇవ్వాల్సిన పుస్తకాలు బ్యాండ్ల చరిత్రలు కావనీ, ఆ పాటలు ఏ కోపం నుంచి పుట్టాయో ఆ కోపాన్ని మన నేల మీద చూపించే పుస్తకాలనీ నా వాదన. అలాంటివి మనకు ఉన్నాయి. కొన్ని పంక్ కంటే ముందు పుట్టినవి కూడా.

ముందు పెద్దల మాట. పంక్ వినేవాడు చదవడన్నది చరిత్ర తెలియక అన్న మాట. మాంచెస్టర్‌లో 1976లో మొదలైన 'ద ఫాల్' అనే బ్యాండు ఆ పేరును ఆల్బేర్ కామూ నవల నుంచి తీసుకుంది. న్యూయార్క్‌లో టామ్ మిల్లర్ అనే గిటారు వాయిద్యకారుడు తన ఇంటిపేరు వదిలి ఫ్రెంచి కవి వెర్లేన్ పేరు పెట్టుకున్నాడు. ప్యాటీ స్మిత్ పాటగత్తె కాకముందే కవయిత్రి, రింబో కవిత్వాన్ని నెత్తిన పెట్టుకు తిరిగిన మనిషి. 1976 జూలైలో లండన్‌లో మార్క్ పెరీ అనే బ్యాంకు గుమాస్తా తన కొలువు వదిలేసి 'స్నిఫిన్ గ్లూ' అనే పత్రికను టైపు చేసి, జిరాక్సు తీసి, పిన్ను కొట్టి అమ్మాడు. అచ్చుయంత్రం లేనివాడు కూడా పత్రిక పెట్టవచ్చని ఒక తరానికి తెలిసింది అలాంటి కాగితాల వల్లే. అంత చదువూ అంత రాతా ఉన్న సంగీతాన్ని నిరక్షరాస్యుల గోల అనడం కుదరదు. ఫ్రెంచి అధివాస్తవికుల నుంచి శ్రీశ్రీ తెచ్చుకున్నదాన్ని గర్వంగా చెప్పుకునే మనం, అదే ఫ్రెంచి కవిత్వం నుంచి పుట్టిన మరో శాఖను చూసి ముక్కు చిట్లించడం న్యాయం కాదు.

ఇక అభిమానుల జాబితా. నేను పేరు చెప్పిన ఆ మూడూ మంచి పుస్తకాలే. 'ప్లీజ్ కిల్ మి' 1996లో వచ్చింది. ఎవరి మాట వాళ్ల నోటితోనే చెప్పించి చరిత్ర రాయడమెలాగో చూపించింది. సావేజ్ పుస్తకం 1991 నాటిది. బ్రిటన్ కార్మిక వాడల నిరుద్యోగాన్ని, రాజకీయాన్ని పక్కన పెట్టకుండా పాటల కథ చెప్పింది. నా అభ్యంతరం పుస్తకాల నాణ్యత మీద కాదు, వాటిని మొదటి మెట్టుగానూ చివరి మెట్టుగానూ చేయడం మీద. ఇవి చదివినవాడికి ఎవరు ఏ క్లబ్బులో వాయించారో, ఎవరు ఏ మత్తుకు బలయ్యారో, ఏ రికార్డు మొదటి ముద్రణకు ఎంత వెల పలుకుతుందో నోటికి వస్తుంది. తనకు పుట్టుకతోనే ఆలస్యమైపోయిందనీ, అసలు సంగతంతా ఎక్కడో జరిగి ముగిసిపోయిందనీ దిగులు కూడా పట్టుకుంటుంది. ప్రేక్షకుణ్ని వేదిక ఎక్కించడానికి పుట్టిన సంగీతం ఆ చదువుతో మళ్లీ ప్రేక్షకుణ్నే తయారు చేస్తోంది.

లండన్ ఈ రోగాన్ని మనకంటే ముందే అనుభవించింది. 2016లో పంక్‌కు నలభై ఏళ్లు నిండాయని ఆ నగరంలో ప్రదర్శనలు, ఉత్సవాలు పెట్టారు. సెక్స్ పిస్టల్స్ బ్యాండును నడిపించిన మాల్కమ్ మెక్‌లారెన్, ఆ వేషాలన్నీ కుట్టిన వివియన్ వెస్ట్‌వుడ్‌ల కొడుకు జో కోరే ఆ ఏడాది నవంబరు 26న థేమ్స్ నది మీద ఒక పడవలో తన దగ్గరున్న పంక్ వస్తువులకు నిప్పు పెట్టాడు. వాటి విలువ 50 లక్షల పౌన్లని తనే చెప్పుకున్నాడు. అతను చేసినదాంట్లో ప్రదర్శన పాలు ఎక్కువే. అయినా వస్తువుగా మారి అద్దాల బీరువా ఎక్కిన తిరుగుబాటును అక్కడివాళ్లే నమ్మడం లేదన్నది దాంతో తేలింది. వాళ్లు కాల్చేసుకుంటున్నదాన్ని మనం ఆదోనిలో ఆర్డరు పెట్టి తెప్పించుకుంటున్నాం. పొరుగింటి పుల్లకూర అంటే ఇదే.

ఈ సంగీతానికీ మన నేలకూ సంబంధం లేదన్న మాటను ఇప్పుడు పరీక్షిద్దాం. పంక్ చరిత్ర రాసే ప్రతివాడూ 1976 జూన్ 4ను తలుచుకుంటాడు. ఆ రాత్రి మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ వాయించారు. వచ్చిన జనం కొద్దిమందే. ఆ కొద్దిమందిలోంచి జాయ్ డివిజన్ బ్యాండు పుట్టింది. ఆ కచేరీని ఏర్పాటు చేసిన ఇద్దరు కుర్రవాళ్ల బజ్‌కాక్స్ బ్యాండు మరుసటి జనవరిలో అప్పు చేసి తమ రికార్డును తామే విడుదల చేసుకుంది. ఇక్కడిదాకా అభిమానులకు కంఠతా వచ్చు. ఆ హాలుకు ఆ పేరెందుకు వచ్చిందని మాత్రం అడగరు.

ఫ్రీ ట్రేడ్ హాలు 1850లలో కట్టింది. 1819లో ఓటు హక్కు అడిగిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలిన పీటర్లూ మైదానం అది. స్వేచ్ఛా వాణిజ్యం గెలిచిందన్న సంతోషంలో మాంచెస్టర్ మిల్లు యజమానుల వర్గం అక్కడ ఆ భవనం లేపింది. ఆ మిల్లులకు కావలసింది పత్తి. అమెరికా అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా అక్కడి పత్తిని ఆపేసినప్పుడు మిల్లుల కళ్లు మన దేశం మీద పడ్డాయి. అప్పటి బళ్లారి జిల్లా నల్లరేగళ్లు పత్తి నేలలు. ఆదోని ఆ జిల్లాలోదే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడుగానీ ఇటు కలవలేదు. ఇవాళ మార్కెట్ యార్డులో పత్తి బోరాలు దించే హమాలీకి మాంచెస్టర్ అన్న పేరు తెలియకపోవచ్చు. ఆ నగరానికి మాత్రం ఈ నేల అవసరం బాగా తెలుసు.

స్వేచ్ఛా వాణిజ్యం అన్న ఆ సిద్ధాంతమే 1876లో మన మీదికి వచ్చింది. వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు జిల్లాల్లో ధాత కరువు మొదలైంది. ధాన్యం ధరలో సర్కారు వేలు పెట్టరాదు, వ్యాపారం తన దారిన తాను సర్దుకుంటుంది అన్నది వైస్రాయి లిట్టన్ పట్టిన పట్టు. బొంబాయి–మద్రాసు రైలుదారి అప్పటికే పూర్తయింది. రైలుంటే తిండి వస్తుందనుకున్నారు. కొనే స్తోమత లేనివాడి ఊరికి రైలు ధాన్యం తేలేదు. కరువు పనుల మీద అజమాయిషీకి వచ్చిన రిచర్డ్ టెంపుల్, రోజంతా చాకిరీ చేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే అరకిలోకు తక్కువ, పైన కాస్త చిల్లర చాలన్నాడు. అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. ఇదంతా జరుగుతుండగానే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. ఆ కరువులో అరకోటికి పైగా జనం పోయారని చరిత్రకారుల అంచనా.

సరిగ్గా నూరేళ్లకు, 1977లో, ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన పాతికేళ్ల పండుగ నడుస్తుండగా సెక్స్ పిస్టల్స్ రాణిని ఎద్దేవా చేస్తూ పాట విడుదల చేశారు. బీబీసీ దాన్ని నిషేధించింది. ఆ నలుగురు కుర్రవాళ్లకు బళ్లారి కరువు సంగతి తెలిసుండే అవకాశం తక్కువ. ఆ పాట వినే ఆదోని కుర్రవాడికి తెలియకపోవడమే అన్యాయం. రాణి మీద కోపం తెచ్చుకోవడానికి లండన్ కుర్రవాడికి నిరుద్యోగ భృతి క్యూ కారణమైతే, మనకు అంతకంటే పాత బాకీ ఉంది. అందుకే నా జాబితాలో మొదటి పుస్తకం మైక్ డేవిస్ రాసిన 'లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్'. 2001లో వచ్చింది. డేవిస్ మాంసం కొట్టులో, లారీ మీద పని చేసి, ఆ తర్వాత చరిత్రకారుడైన అమెరికన్. మద్రాసు ప్రెసిడెన్సీ కరువును ప్రకృతి వైపరీత్యం అనుకుని వదిలేయకుండా, ఆ చావులు విధానం వల్ల జరిగాయని పుటపుటా వాదిస్తాడు. ఇప్పటికీ సుగ్గికని, అంటే పంటకోతల కూలికని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు కుటుంబాలు తరలిపోతుంటే, దీన్ని వాన లేకపోవడం ఒక్కదాని మీదికి నెట్టేసేవాళ్లకు జవాబు ఆ పుస్తకంలో దొరుకుతుంది.

రెండో పుస్తకం తెలుగుది. నిజానికి మూడు సంపుటాలు. దిగంబర కవులవి. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత తమ మొదటి సంపుటిని ఆవిష్కరింపజేశారు. 1966లో విజయవాడలో రెండోదాన్ని ఒక హోటల్ పనివాడు, 1968లో విశాఖపట్నంలో మూడోదాన్ని ఒక బిచ్చగత్తె ఆవిష్కరించారు. మంత్రిగారూ పీఠాధిపతీ లేకపోతే పుస్తకానికి పుట్టుకే లేదనుకునే కాలం అది. వారాలకూ రుతువులకూ కొత్త పేర్లు పెట్టి తమ శకాన్ని తామే ప్రకటించుకున్నారు. మర్యాదస్తుల కవిత్వం పలకని మాటలన్నీ పలికారు. సెక్స్ పిస్టల్స్ టీవీలో బూతు మాట్లాడి పత్రికల పతాక శీర్షికలకెక్కింది 1976 డిసెంబరులో. మన ఆరుగురు అంతకు పదేళ్ల ముందే ఆ పని చేసి, తిట్లు తిన్నారు.

పేర్ల సంగతి కూడా చూడాలి. జాన్ లైడన్ జానీ రాటన్ అయ్యాడు, జాన్ మెల్లర్ జో స్ట్రమర్ అయ్యాడు. అది వేషం, సరదా, కొంత తెగింపు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ కావడం, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు కావడం, వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి కావడం వేరే లెక్క. తెలుగునాట పేరు చివర ఊడిందంటే కులం తోక ఊడినట్టు. రెడ్డి, ఆచార్యులు అన్న తోకలతో బతుకు సులువవుతుంది. దాన్ని చేజేతులా కోసుకున్నవాళ్లు లండన్ కింగ్స్ రోడ్డు కుర్రవాళ్ల కంటే పెద్ద పందెమే కాశారు. పైగా వాళ్లు అక్కడ ఆగలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడినప్పుడు ఆరుగురిలో నలుగురు అటు నడిచారు. 1971లో చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్‌లను ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు. బ్యాండు విడిపోయాక సభ్యులేమయ్యారని అభిమానులు ఆరా తీస్తుంటారు కదా. ఇక్కడి కథ ఆరా తీయదగ్గది.

నాకు ఎదురు చెప్పదలచుకున్నవాళ్లు ఇక్కడే నోరు తెరుస్తారు. దిగంబర కవులకు గిటారు తెలియదు, పంక్ సంగీతం అప్పటికి పుట్టలేదు, వాళ్లను పంక్ అనడం చరిత్రను వంచడమే కదా అంటారు. నిజమే. నేను వాళ్లను పంక్ అనడం లేదు. అలా అంటే మళ్లీ లండన్ ముద్ర వేయించుకుంటే తప్ప మనదానికి విలువ లేదని ఒప్పుకున్నట్టే. నేననేది ఒక్కటే: మూడు కార్డ్స్‌తో నడిచే మూడు నిమిషాల పాటలోని కోపాన్ని పట్టుకోగలిగిన చెవికి ఆ సంపుటాలు వెంటనే అందుతాయి. సాహిత్య విద్యార్థికి పరీక్ష ప్రశ్నగా మిగిలిపోయిన పుస్తకానికి ఇంతకంటే మంచి పాఠకుడు దొరకడు.

ఆ సంపుటాలను పూజించమని కూడా చెప్పను. సమాజాన్ని తిట్టడానికి స్త్రీ శరీరాన్ని తిట్టుగా వాడుకున్న తీరు వాటిలో ఉంది. ఆ విమర్శ పాతదే, న్యాయమైనదే. అదే జబ్బు బ్రిటిష్, అమెరికన్ పంక్‌లోనూ ఉంది. అక్కడ స్లిట్స్, ఎక్స్-రే స్పెక్స్ బ్యాండ్ల ఆడవాళ్లు, తర్వాత 1990లలో బికినీ కిల్ వంటివాళ్లు దానికి వేదిక మీదే జవాబిచ్చారు. ఇక్కడ జవాబు పుస్తకాలుగా వచ్చింది: 1990లో 'గురిచూసి పాడే పాట', 1993లో 'నీలిమేఘాలు'. గదిలో గోడకు బికినీ కిల్ బొమ్మ అంటించుకున్న అమ్మాయి ఈ రెండు స్త్రీవాద సంకలనాల పేర్లు వినకుండా డిగ్రీ ముగించిందంటే తప్పు ఆమెది కాదు, ఆమెకు జాబితా ఇచ్చినవాళ్లది.

వాటి పక్కన స్నేహలతారెడ్డి జైలు డైరీ పెడతాను. నాటకాల మనిషి, 'సంస్కార' సినిమాలో చంద్రి పాత్ర వేసిన నటి. ఎమర్జెన్సీలో 1976 మేలో ఆమెను అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం రోగి. ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక 1977 జనవరిలో పెరోల్ మీద వదిలారు. బయటికొచ్చిన కొద్ది రోజులకే చనిపోయింది. ఆ ఎనిమిది నెలలనే లండన్ పుస్తకాలు పంక్ పుట్టిన స్వర్ణకాలంగా వర్ణిస్తాయి. ఆదోని పిల్లలు వలసపోయే అదే బెంగళూరులో అప్పుడేం జరుగుతోందో ఆ చిన్న డైరీ చెబుతుంది. అధికారం మీద అరవడం పాటలో ఎంత తేలికో, జైలు గదిలో ఎంత ఖరీదో దాన్ని చదివినవాడు మరిచిపోలేడు.

ఆదోని గురించి మాట్లాడుతూ ముస్లింల ఊసెత్తకపోతే ఆ జాబితా ఈ ఊరిది కాదు. ఈ ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. మైకేల్ ముహమ్మద్ నైట్ రాసిన 'ద తఖ్వాకోర్స్' నవల పంక్ పుస్తకాలన్నిటిలోకీ విచిత్రమైంది. అమెరికాలోని బఫలో నగరంలో ఒకే ఇంట్లో ఉండే ముస్లిం పంక్ కుర్రవాళ్ల కథ. కథ చెప్పేవాడు పాకిస్తానీ కుటుంబానికి చెందిన ఇంజనీరింగ్ విద్యార్థి. రచయిత దాన్ని మొదట తనే జిరాక్సు తీసి పంచాడు. అప్పటికి అలాంటి బ్యాండ్లు ఉన్నాయని కాదు, ఉంటే బాగుండునని రాశాడు. అది చదివిన పిల్లలు నిజంగానే బ్యాండ్లు కట్టారు. బోస్టన్ వైపు పుట్టిన 'ద కొమినాస్' అందులో ఒకటి. బ్యాండు పుట్టాక చరిత్ర రాయడం మామూలే. పుస్తకం చదివి బ్యాండ్లు పుట్టడమంటే ఇదే. దీనికి జతగా ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ', స్కైబాబా సంపాదకత్వంలో వచ్చిన 'జల్‌జలా' సంకలనం చదవాలి. ఈ దేశంలో ముస్లింగా పుట్టడమే నేరంగా చూసే చూపును ఎదిరించడానికి తెలుగు ఎంత పదునుగా పనికొస్తుందో ఆ రెండూ చూపించాయి.

ఇంత కరువు, ఇంత జైలు మధ్య ఆనందమెక్కడ అని అడిగేవాళ్లకు పఠాభి ఉన్నాడు. స్నేహలత భర్త తిక్కవరపు పట్టాభిరామరెడ్డి కలంపేరు అది. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అని పుస్తకం వేశాడు. పేరు చూస్తే పుస్తకమా, పన్నెండు పాటల రికార్డా అన్నట్టు ఉంటుంది. ఛందస్సును, వ్యాకరణాన్ని, భావకవుల వెన్నెలను నవ్వుతూ చావబాదిన పుస్తకం. రామోన్స్ బ్యాండు మొదటి రికార్డులో 14 పాటలు అరగంట లోపే ముగుస్తాయి. పఠాభి పుస్తకమూ ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది, అదే అల్లరితో. అల్లరి దిగుమతి సరుకని ఎవరైనా అంటే ఈ పుస్తకం చేతిలో పెట్టండి.

చివరగా ఒక ఆక్షేపణ మిగిలింది. జాబితా బాగుంది గానీ ఇవి మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి అని. 'ప్లీజ్ కిల్ మి' అయితే ఆన్‌లైన్లో రెండు రోజుల్లో వస్తుంది, ఈ తెలుగు సంపుటాలు వెతుక్కోవాలి అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ దొరకనిదాన్ని దొరికించుకోవడమే కదా పంక్ నేర్పిందని మీరు రోజూ చెప్పేది. సొంత లేబుళ్లు, సొంత పంపిణీ అంటూ వాషింగ్టన్‌లోని డిస్కార్డ్ రికార్డ్స్‌ను కొనియాడతారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లోనే చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టాడు. తమ సరుకును తామే అమ్ముకునే దారి కోసం కలిసికట్టుగా నడవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సోమప్ప గాంధేయవాది, పద్మశ్రీ అందుకున్న పెద్దమనిషి. ఆయనను పంక్ అంటే ఆయనకే కాదు, పంక్‌కూ అవమానమే. కానీ సొంత కాళ్ల మీద నిలబడడం నేర్చుకోవడానికి వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదని చెప్పడానికి ఆయన ఒక్కడు చాలు.

పుస్తకాలకు మరో దారీ ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను కట్టే ప్రతి ఇల్లూ గ్రంథాలయ పన్ను కూడా కడుతోంది. ఆ డబ్బు పోటీ పరీక్షల గైడ్లకూ దినపత్రికలకూ మాత్రమే వాడాలని ఎక్కడా రాసి లేదు. డేవిస్, దిగంబర కవులు, పఠాభి, 'నీలిమేఘాలు', 'పుట్టుమచ్చ', స్నేహలత డైరీ కావాలని కాగితం రాసి, పదిమంది సంతకాలు పెట్టి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. ఇవ్వకపోతే మళ్లీ ఇవ్వండి. ఈ పని ఏ పాట వినడం కంటే తక్కువ తిరుగుబాటు కాదు, పైగా కట్టిన పన్నుకు లెక్క అడిగినట్టు అవుతుంది. ఆ పుస్తకాలు చదివాక సావేజ్, మెక్‌నీల్ పుస్తకాలూ చదవండి. అప్పుడు వాటిని వేరే ఊరివాళ్లు తమ ఊరి గురించి రాసుకున్న పుస్తకాలుగా, సమానుల్లా చదవగలుగుతారు. ఆదోని గురించి, ఎమ్మిగనూరు గురించి అలాంటిది ఎవరు రాస్తారన్న ప్రశ్న కూడా అప్పుడే పుడుతుంది. దానికి జవాబు చెప్పాల్సింది లండన్‌వాళ్లు కాదు, ఆ పుస్తకం మూసి పక్కన పెట్టినవాళ్లే.